ఒకే తరగతి, మూడు మెట్లు
ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధన

బాలల కార్యక్రమమునకై విద్యార్థుల కంఠములను ధ్వనిముద్రణ చేయుటకు మేమొకప్పుడొక గ్రామములోని ఉన్నత పాఠశాలకు వెళ్లితిమి. ఎనిమిదవ తరగతి. ఒక బాలిక లేచి ఇంగ్లీషు పాఠమును గడగడ చదివెను. ఎక్కడను తడబాటు లేదు. మెచ్చుకొని, "ఈ ఉదయము ఏమి తింటివమ్మా?" అని ఆ భాషలోనే అడిగితిమి. ఆమె మా వంకను, మాస్టారి వంకను చూచి తల వంచుకొనెను. చివరి బల్లమీది బాలుడొకడు ఒక్క వాక్యమైనను చదువలేకపోయెను. కాని పొలములోని మోటారు నీటిని పైకెట్లు తోడునో తెలుగులో చెప్పుమనగా, ఆ యంత్రమును మా కన్నులయెదుట నిలిపినట్లు వివరించెను. పట్టణమునుండి ఆ యేడే వచ్చిన మఱియొక బాలుడు మాతో ఇంగ్లీషులోనే చక్కగా మాటలాడెను. నాలుగు పంక్తులు వ్రాయుమనగా మాత్రము ప్రతి పంక్తిలోను తప్పులే.

ముగ్గురిదియు ఒకే తరగతి, ఒకే పుస్తకము, ఒకే పరీక్ష. వీరిలో ఇంగ్లీషు ఎవరికి వచ్చును, ఎవరికి రాదు? ఒక్క మాటలో చెప్పజాలము. వినుట, మాటలాడుట, చదువుట, వ్రాయుట అను నాలుగు శక్తులు వేర్వేరు. ఒకదానిలో ముందున్నవాడు మఱియొకదానిలో వెనుకబడియుండవచ్చును. గడగడ చదువుట అర్థము చేసికొనుట కాదు. ముత్యములవంటి దస్తూరితో నల్లబల్లపైనున్నది ఎత్తి వ్రాసికొనుట వ్రాత కాదు. ఈ భేదమును గుర్తించుటయే సహాయమునకు తొలిమెట్టు.

ఈ విషయమిపుడు మునుపటికంటె ముఖ్యమైనది. ఆంధ్రప్రదేశములో 2020 నుండియు, తెలంగాణములో 2022 నుండియు పలు తరగతులకు ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకములు వెలువడసాగినవి. ఎందఱో పిల్లలకు ఇంగ్లీషు ఒక పాఠ్యవిషయముగా మాత్రమే మిగులక, గణితమునకును విజ్ఞానశాస్త్రమునకును వాకిలి యైనది. ఆ వాకిలి తెఱచుకొననిచో మోటారును గూర్చి అంత తెలిసిన ఆ బాలుడు భౌతికశాస్త్రములో మందమతిగా లెక్కింపబడును. మొదట ఇతరులట్లు అనుకొందురు. పిమ్మట వాడే అట్లనుకొనును. మన భయమంతయు ఈ రెండవదాని గూర్చియే.

కెనడా దేశపు పండితుడు జిమ్ కమిన్స్ 1979లో ఒక భేదమును స్పష్టపఱచెను. కొత్త భాషలో ఆటపాటల సంభాషణ పిల్లలకు సుమారు రెండేండ్లలో పట్టుబడును; పాఠములను గ్రహించి, తర్కించి, వ్రాయుటకు వలసిన భాష అబ్బుటకు ఐదేండ్లో, అంతకంటె ఎక్కువయో పట్టును. ఇది వీథిలోను, అంగడిలోను ఇంగ్లీషు వినబడు దేశమునకు వలస వచ్చిన పిల్లల సంగతి. మన పల్లెలలో ఇంగ్లీషు తరగతి గదిలోనే పుట్టి, గంట కొట్టగానే అక్కడనే ఆగిపోవును. కావున మన పిల్లలకు మఱింత ఓపిక చూపుట న్యాయము. పట్టణపు బాలుడు చక్కగా మాటలాడుచున్నాడు గదా యని వాని వ్రాతను విడిచిపెట్టుటయు పొరపాటే.

పిల్లల తప్పులు పలుమాఱు తెలివితక్కువ వలన కాక మాతృభాష వలన కలుగును. "ఆయన ఉపాధ్యాయుడు" అను తెలుగు వాక్యములో క్రియ లేదు. కావున పిల్లవాడు "హి టీచర్" అనును. "ఈజ్" అను మాటకు వాని మనస్సులో చోటే లేదు. తెలుగులో క్రియ వాక్యాంతమున నిలుచును. ఇంగ్లీషులో నడుమకు వచ్చును. "ఎ", "ద" అను చిన్న మాటలకు సరియైనవి మనకు లేవు. మన లిపిలో వ్రాసినట్లే చదువుదుము. ఇంగ్లీషులో "పుట్", "కట్" అను మాటలలో ఒకే అక్షరము రెండు తీరుల పలుకును. తప్పునకు మూలము తెలిసిన ఉపాధ్యాయుడు "తప్పు, కూర్చో" అనడు. "అవును, హి ఈజ్ ఎ టీచర్" అని సరియైన వాక్యమును తానే పలికి పాఠమును సాగించును. పిల్లవాని గౌరవమునకు భంగము కలుగదు. సరియైన మాట చెవిలో పడును. ఇంటిలో ఉర్దూయో, లంబాడీయో, కోయయో, గోండియో మాటలాడు పిల్లలకు తెలుగు రెండవది, ఇంగ్లీషు మూడవది యగును. వారి భారమును వేఱుగా తలపవలెను.

ఇక నలుబదిమంది గల తరగతిలో ఒక్క ఉపాధ్యాయుడు ఏమి చేయగలడు? మూడు పాఠములు చెప్పనక్కఱలేదు. ఒకే పాఠమునకు మూడు పనులు ఏర్పఱచిన చాలును. నాగార్జునసాగరమును గూర్చిన పాఠమును తీసికొందము. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట; 1967లో కాలువలకు నీరు విడువబడినది. మొదట పది నిమిషములు, పటము చూపుచు, తెలుగు ఇంగ్లీషులలో, తరగతి కంతటికి కథ చెప్పవలెను. ఏమి చదువబోవుచున్నారో ముందే తెలిసినవారికి చదువు సులభమగును.

పిమ్మట మొదటి మెట్టువారు పటములో నది, ఆనకట్ట, కాలువ, పొలము అనువాని ప్రక్కన ఇంగ్లీషు పేర్లు వ్రాసి, జతగానితో పలికి చూతురు. రెండవ మెట్టువారికి సగము వాక్యములిచ్చి తక్కినది పూరింపుమనవలెను: నది పేరేమి, నీరెచటికి పోవును, ఏ పంటకు పనికివచ్చును? మూడవ మెట్టువారు, లోయ మునుగుటకు ముందు నాగార్జునకొండ శిథిలములను ఏల తరలింపవలసివచ్చెనో తమ మాటలలో ఆఱు వాక్యములు వ్రాయుదురు. చివరి పది నిమిషములలో అందఱును మరల కలియుదురు: ఒకరి పటము, ఒకరి వాక్యములు, ఒకరి వ్యాసము కలిసి గోడమీదికెక్కును. మొదటి మెట్టు బాలుని పటము లేనిదే ఆ గోడ నిండదు.

ఈ పద్ధతికి మన దేశములోనే పునాదులున్నవి. 1979 మొదలు 1984 వఱకు ఎన్. ఎస్. ప్రభు గారు దక్షిణ భారత పాఠశాలలలో నడపిన ప్రయోగములో పిల్లలు వ్యాకరణ సూత్రములకు బదులు రైళ్ల వేళల పట్టికలను, పటములను చూచి సమస్యలు సాధించిరి. ముందు తరగతి యంతయు కలిసి ఒక సమస్యను సాధించును; పిదప అట్టిదానినే ఎవరికి వారు సాధింతురు. అంతకు పూర్వమే, 1926లో, వంగదేశమున పనిచేసిన మైకేల్ వెస్టు ఒక మంచి ఉపమానము చెప్పెను. బీమాను నడుమ విడిచినను కొంత సొమ్ము చేతికి వచ్చునట్లు, చదువును నడుమ మానిన పిల్లవానికి కూడ అంతవఱకు నేర్చిన ఇంగ్లీషు ఏదో యొక పనికి ఉపకరింపవలెనని ఆయన మతము. మందుసీసా మీది చీటీ, బ్యాంకు కాగితము చదువుకొనగలిగినను అది వృథా కాదు.

ఒక్క హెచ్చరిక. మెట్టు నిచ్చెనకే గాని పిల్లవాని నొసటికి కాదు. ఈ నెల మొదటి జట్టులోనున్నవాడు వచ్చు నెల రెండవదానికి ఎక్కు అవకాశముండవలెను. బల్లలు మారవలెను. అట్లు కానిచో వెనుక బల్లకు కొత్త పేరు పెట్టినట్లే యగును. పదవ తరగతి పరీక్ష అందఱికిని ఒకటే గదా, ఇవన్నియు ఏలయని అడుగువారు గలరు. పరీక్ష ఒకటే కనుకనే ఈ పని ఆఱవ తరగతి మొదటి మాసములోనే ఆరంభింపవలెను. పదవ తరగతిలో గైడు పుస్తకమును కంఠస్థము చేయించుట సహాయము కాదు.

తల్లిదండ్రులు తమకు ఇంగ్లీషు రాదని వెనుదీయ నక్కఱలేదు. "ఈ దినము పాఠములో ఏమి చెప్పిరి? తెలుగులో చెప్పు" అని అడుగుటయే గొప్ప సహాయము. తెలుగులో తెలిసిన విషయమునకు ఇంగ్లీషు మాటలు చేర్చుట సులభము. తెలియని విషయమును తెలియని భాషలో నేర్చుట రెట్టింపు బరువు. రేడియో యున్న ఇంట మఱియొక ఉపాయము గలదు. తెలుగు వార్తలు విన్న పిమ్మట అదే దినమున ఇంగ్లీషు వార్తలు కొంచెము సేపు విననిండు. సంగతి ముందే తెలిసియున్నందున పిల్లవాడు ఐదాఱు మాటలనైనను పట్టుకొనును. మాటలాడుమని తొందరపెట్టవలదు. కొందఱు నెలల తరబడి వినియే యుందురు. ఆ మౌనములో కూడ చదువు సాగుచునే యుండును.

ఆ దినము మేము తిరిగివచ్చుటకు ముందు, మోటారు సంగతి చెప్పిన బాలుని కంఠమును కూడ ముద్రించుకొంటిమి. తెలుగులోనే చెప్పెను. చివర మాస్టారు నెమ్మదిగా, "నీటిని ఇంగ్లీషులో ఏమందుమురా, అబ్బాయీ?" అని అడిగిరి. "వాటర్" అని వాడు చెప్పెను. "పైపు?" అదియు చెప్పెను. "మోటారు?" వాడు నవ్వి, "అది ఇంగ్లీషే గదండీ!" అనెను. తరగతి యంతయు నవ్వినది, వాడును కలిసి నవ్వెను. వానికి మొదటి మెట్టు అచటనే దొరకినది.