పడవ లేని పడవ రైలు

నల్లరేగడి పల్లెల్లో రైలెక్కి, సముద్రం మీద వంతెన దాటి, ఓడలో అవతలి తీరం చేరి, మళ్లీ రైల్లో కొండలెక్కే దారి ఒకటుంది. ఒకప్పుడు దానికి ఒకే టికెట్టు సరిపోయేది. తుపాను, యుద్ధం కలిసి ఆ దారిని తుంచేశాయి. ఇప్పుడు ముక్కలుగా మళ్లీ అతుక్కుంటోంది. ఈ దారిలో మన భాష ఎక్కడెక్కడ దిగి కాపురం పెట్టిందో చూసి రావడమే ఈ ప్రయాణం.

విరుదునగర్ జంక్షన్ దాటగానే రైలు తూర్పుకి తిరిగింది. మదురై వైపు పోయే బళ్ల హడావుడి ఈ లైనుకి లేదు. అరుప్పుకోట్టై, తిరుచ్చుళి, నరికుడి, మానామదురై: పట్టుమని డెబ్భై కిలోమీటర్లు కూడా ఉండదు. కిటికీ అవతల ఎండకు నెర్రెలు విచ్చిన నల్లరేగడి, తాటిచెట్ల వరసలు, నీళ్లడుగంటిన చెరువులు కనిపిస్తాయి. చెరువుల్ని ఇక్కడ కణ్మాయి అంటారు. సర్కారు తుమ్మ కాల్చే బొగ్గుబట్టీల పొగ ఎక్కడో ఒకచోట లేస్తూనే ఉంటుంది.

ఎదురు సీట్లో పెద్దావిడ అప్పటిదాకా పక్కవాళ్లతో అరవంలో మాట్లాడుతోంది. నేను ఫోన్లో ఇంటికి రెండు ముక్కలు చెప్పి పెట్టేయగానే ఆవిడ తెలుగులోకి దిగింది.

“యాడికి నాయనా?”

“రామేశ్వరానికి అవ్వా. మీరు తెలుగువాళ్లా?”

“ఇంట్లో తెలుగే. చదివేది, రాసేది అంతా అరవం.”

సంచీలోంచి కోవిల్‌పట్టి వేరుశెనగ అచ్చు తీసి, విరిచి, నా చేతిలో పెట్టింది. ఆ బెల్లపు అచ్చుకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆవిడ నాలుక మీది తెలుగుకి మాత్రం అలాంటి గుర్తింపేదీ లేదు. అయినా తరాల తరబడి కరిగిపోలేదు.

కరిసల్ నేల మీద తెలుగు

కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ చుట్టుపక్కల నల్లనేలని అరవంలో కరిసల్ అంటారు. విజయనగరం, మదురై నాయకుల కాలాల్లో దక్షిణానికి వచ్చిన కమ్మవారు, రెడ్లు, రాజులు, కంబళ నాయకులు ఈ మెట్ట నేలని దున్నుకుని ఊళ్లు కట్టారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ అనే పల్లెలో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలస కథనే 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళంలో రాశారు. దాని తర్వాతి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కరిసల్ మాటలకు ఆయన నిఘంటువు కూడా కూర్చారు. 2021లో ఆయన పోయినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో సొంతూళ్లోనే అంత్యక్రియలు జరిగాయి. ఇంట్లో తెలుగు మాట్లాడిన మనిషి తమిళ మాండలికానికి పెద్దదిక్కయ్యాడు. ఈ నేల తీరే అంత.

ఆ వలస వచ్చినవాళ్లకి రైలూ లేదు, ఓడా లేదు. కాలినడకన, ఎడ్లబళ్ల మీద వచ్చారు. ఇంజను కూత ఈ నేల విన్నది 1876లో, మదురై నుంచి తూత్తుకుడికి పట్టాలు పడినప్పుడు. విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి ఆ దారిలోవే. ఆ రైళ్లకి తూత్తుకుడి చివరి స్టేషను కాదు, మజిలీ మాత్రమే. రేవులో పొగ ఓడ కాచుకుని ఉండేది. రాత్రి ఎక్కితే తెల్లారేసరికి కొలంబో. మద్రాసు నుంచి వచ్చే ఆ బండికి బోట్ మెయిల్ అన్న పేరు అలా పడింది.

ఆ ఓడల వ్యాపారంలో తెల్లవాళ్ల గుత్తాధిపత్యాన్ని బద్దలు కొట్టాలని వ.ఉ. చిదంబరం పిళ్లై 1906లో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టి, తూత్తుకుడి, కొలంబోల మధ్య ఓడలు నడిపారు. సర్కారు ఆయన్ని జైల్లో పెట్టి గానుగ తిప్పించింది. ఆ అణచివేత మీది కోపం రగులుతుండగా, 1911 జూన్ 17న మణియాచ్చి జంక్షన్‌లో బోట్ మెయిల్ కోసం ఆగి ఉన్న పెట్టెలో కలెక్టర్ ఆష్‌ని విప్లవకారుడు వాంచినాథన్ కాల్చి చంపాడు. ఇప్పుడు ఆ స్టేషను పేరు వాంచి మణియాచ్చి. కోవిల్‌పట్టి నుంచి తూత్తుకుడికి పోయే రైలు ఆ ప్లాట్‌ఫాం మీదుగానే వెళుతుంది.

నరికుడి మీదుగా

తిరుచ్చుళిలో అవ్వ దిగిపోయింది. 1879లో రమణ మహర్షి పుట్టిన ఊరిది. గుండారు ఒడ్డున గుడి, దాని పక్క వీధిలో ఆయన పుట్టిన ఇల్లు ఉన్నాయి. ఆ తర్వాతిది నరికుడి. చెప్పుకోడానికి కోటలూ లేవు, జలపాతాలూ లేవు. రైలు ఆగాక వినిపించేది మైనాల గోల, పాలక్యాన్ల చప్పుడు. ఇక్కడ దిగేవాళ్లే తప్ప చూడ్డానికొచ్చేవాళ్లు ఉండరు. అందుకే బాగుంటుంది.

ఈ లైను 1960ల మొదటి సగంలో మీటరుగేజిగా పడింది. రామేశ్వరం దారిలో కలిసే ఈ పట్టాలు ఇంకా కొత్తగా మెరుస్తుండగానే, ఆ దారి కొసన ఉన్న ధనుష్కోటిని కడలి మింగింది. 2013లో ఈ లైను బ్రాడ్‌గేజి అయ్యింది.

మానామదురైలో వైగై నది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే పారుతుంది. ఇక్కడి మట్టితోనే కుమ్మరులు ఘటాలు చేస్తారు. కర్ణాటక కచేరీల్లో మోగే ఘటాల్లో చాలావాటి పుట్టిల్లు ఇదే. మామూలు కుండకన్నా బరువు, మందం ఎక్కువ. చెక్కతో పదే పదే కొట్టి పలుకు తెప్పిస్తారు. 1897లో సిలోన్ నుంచి ఓడలో పాంబన్ దిగిన వివేకానందుడు రామనాథపురం, పరమకుడి మీదుగా ఈ ఊరొచ్చి ప్రసంగించి వెళ్లారు. ఆయన ప్రయాణంలో రైలు లేదు. మదురై, మండపంల మధ్య రైలు రావడానికి మరో అయిదేళ్లు పట్టింది.

నీళ్ల మీద రైలు

మండపం దాటగానే పెట్టెలోని జనమంతా కిటికీల దగ్గరికి చేరతారు. 1914లో తెరిచిన పాంబన్ వంతెన రెండు కిలోమీటర్ల పైచిలుకు. ఓడలొస్తే మధ్యలో రెండు రెక్కలు పైకి లేచేవి, మనుషులు చేతులతో చక్రం తిప్పితేనే. 2022 డిసెంబరులో దానికి విశ్రాంతి ఇచ్చారు. పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న మొదలైంది. దీనికి రెక్కల్లేవు. 72.5 మీటర్ల దూలం మొత్తం లిఫ్టులా నిట్టనిలువునా 17 మీటర్లు లేస్తుంది. ఎడమవైపు పాక్ జలసంధి, కుడివైపు మన్నారు సింధుశాఖ. ఒకే నీరైనా ఒకటి నిద్రపోతున్నట్టు, ఇంకొకటి అలిగినట్టు ఉండే రోజులుంటాయి.

1914లో ఈ వంతెన రాగానే బోట్ మెయిల్ తూత్తుకుడిని వదిలి ధనుష్కోటి దారి పట్టింది. అక్కడ రైలు దిగి ఓడెక్కితే తలైమన్నార్ 35 కిలోమీటర్లు. ఆ రేవులో కొలంబో రైలు సిద్ధంగా ఉండేది. మన పట్టాలు మీటరుగేజి, అవతలివి బ్రాడ్‌గేజి. పట్టాలు వేరైనా టికెట్టు ఒకటే.

1964 డిసెంబరు 22 రాత్రి ఆ ముచ్చట తీరిపోయింది. పాంబన్ నుంచి బయల్దేరిన పాసింజరు రైలుని ధనుష్కోటి ముంగిట్లో ఉప్పెన మింగేసింది. పెట్టెల్లోని నూరుమందికి పైగా మనుషులు మళ్లీ కనబడలేదు. ఇప్పుడు ధనుష్కోటిలో మొండిగోడల చర్చి, స్టేషను శిథిలాలు, ఇసుక, గాలి. ఆ తర్వాత కొన్నేళ్లు రామేశ్వరం నుంచి ఓడ నడిచింది. 1980లలో శ్రీలంక అంతర్యుద్ధం దాన్నీ ఆపేసింది. రైలు మాత్రం ఇప్పటికీ రామేశ్వరం దాకా వస్తోంది, అదే పేరుతో.

అవతలి తీరం

ఓడ ఇప్పుడు మరో రేవు నుంచి నడుస్తోంది. నాగపట్నం నుంచి జాఫ్నా దగ్గరి కాంకేశన్‌తురైకి 2023 అక్టోబరులో ఓడ మొదలై, వారం తిరక్కుండా ఆగి, 2024 ఆగస్టులో మళ్లీ కదిలింది. సుమారు నాలుగు గంటల ప్రయాణం. ఒడ్డు కనుమరుగయ్యాక కాసేపు నాలుగు దిక్కులా నీళ్లే. రేవులో స్వాగతం పలికే శ్రీలంక జెండా మీద కత్తి పట్టిన సింహం ఉంటుంది. ఆ సింహం కాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడి పతాకం మీదిది. ఆయన మదురై నాయక బంధువర్గానికి చెందినవాడు. అంటే కరిసల్ నేలకి తెలుగుని తెచ్చిన చరిత్రే ఆ జెండాలోనూ ఒక పోగు.

కాంకేశన్‌తురైలో పట్టాలున్నాయి. యుద్ధంలో ధ్వంసమైన ఉత్తర లైనుని తిరిగి వేశాక 2015లో రైలు ఇక్కడిదాకా వచ్చింది. అదే ఏడాది మార్చిలో తలైమన్నార్ రేవుకీ రైలు తిరిగొచ్చింది. అక్కడ పట్టాలు సముద్రం దాకా వచ్చి ఓడ కోసం చూస్తున్నట్టే ఉంటాయి.

దక్షిణంగా సాగే రైలు అనురాధపురం దాటాక తంబుత్తేగమ దగ్గర ఆగుతుంది. దానికి దగ్గర్లోని కుడాగమ అహికుంటకుల ఊరు. పాములాడించడం, కోతులాడించడం, చేయి చూసి జాతకం చెప్పడం వీరి కులవృత్తులు. వీరి ఇంటి భాష తెలుగు. పిల్లలు బడిలో చదివేది సింహళం. తిరుచ్చుళి అవ్వ చెప్పిన మాటలో అరవం తీసి సింహళం పెడితే వీళ్ల కథే. సముద్రానికి ఇటూ అటూ తెలుగు ఇలాగే బతికింది. పలకా బలపం లేకుండా, అమ్మ నోటి నుంచి బిడ్డ చెవికి.

పొల్గహవెలలో రైలు మారితే కాండీ. 1739లో వారసుడు లేక రాజు చనిపోతే, మదురై నుంచి వచ్చిన రాణిగారి తమ్ముడు గద్దెనెక్కాడు. అలా మొదలైన నాయక రాజుల పాలన 1815 దాకా సాగింది. శివభక్తుల ఇంట పుట్టిన ఈ రాజులే దంతధాతు ఆలయాన్ని పోషించారు, బౌద్ధ సంఘాన్ని నిలబెట్టారు. ఊరి నడుమ చెరువు చివరి రాజు తవ్వించిందే. అందులో ఇప్పుడు పడవలు తిరుగుతాయి. ఆ రాజుని మాత్రం ఆంగ్లేయులు ఓడెక్కించి వేలూరు కోటకి పంపారు. 1832లో అక్కడే కన్నుమూశాడు. పాలారు దగ్గర ఆయన సమాధి ఉంది.

కాండీ నుంచి బదుళ్ల వైపు రైలు తేయాకు కొండలెక్కుతుంది. పట్టిపొల స్టేషను ఎత్తు దాదాపు 1,900 మీటర్లు. తలుపు దగ్గర నిలబడితే మబ్బు పెట్టెలోకి వచ్చి పోతుంది. ఎల్ల దాటాక 1921 నాటి తొమ్మిది కమాన్ల వంతెన, ఆ తర్వాత దెమోదరలో స్టేషను కిందే సొరంగంగా చుట్టి వచ్చే పట్టాలు. ఈ తోటల్లో చెమటోడ్చింది మండపంలోని కూలీల శిబిరం దాటి ఓడెక్కిన మన దక్షిణాది వాళ్లే. కిటికీలోంచి పచ్చగా కనిపించే కొండల వెనక వాళ్ల లయన్లు, ఆ రేకుల గదుల వరసలు కూడా కనిపిస్తాయి. చూపు తిప్పుకోకూడదు.

వెళ్లాలంటే

విరుదునగర్, మానామదురై లైనులో రైళ్లు తక్కువ. వేళలు ముందే చూసుకోవాలి. మానామదురై నుంచి ఒక దారి రామేశ్వరానికి, ఇంకొకటి కారైకుడి మీదుగా తంజావూరు, నాగపట్నం వైపు. ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఓడ ఆగే అవకాశం ఎక్కువ. పాస్‌పోర్టు, శ్రీలంక ప్రయాణ అనుమతి తప్పనిసరి. అక్కడి కొండ లైనుకి వానాకాలంలో చరియల బెడద ఉంటుంది కాబట్టి నడుస్తోందో లేదో కనుక్కుని బయల్దేరాలి.

తిరుగు ప్రయాణంలో రాత్రి మానామదురై జంక్షన్. రామేశ్వరం నుంచి చెన్నై ఎళుంబూరు పోయే ఎక్స్‌ప్రెస్ ప్లాట్‌ఫాం మీదికొచ్చింది. నా పక్కన ఇరవై దాటని కుర్రాడు సంచీ భుజానేసుకుంటూ ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు:

“బోట్ మెయిల్ వచ్చేసింది. ఎక్కుతున్నా.”

అతను పుట్టడానికి చాలా ముందే బోటు ఆగిపోయింది.