ఎంత కష్టపడ్డామో ఎవరు చెప్పాలి?

దక్షిణాఫ్రికాలోని డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య జరిగే కామ్రేడ్స్ మారథాన్‌ది 1921 నాటి చరిత్ర. దూరం సుమారు 90 కిలోమీటర్లు, దారంతా ఎగుడుదిగుళ్లు. గడువు 12 గంటలు. అది నిండగానే ముగింపు గీత దగ్గర ఒక అధికారి, వస్తున్నవాళ్లకు వీపు పెట్టి నిలబడి తుపాకి పేలుస్తారు. సెకను ముందు గీత దాటినవాళ్లకు పతకం. సెకను ఆలస్యమైతే వట్టిచేతులే. ఇద్దరి ఒళ్లూ ఒకేలా హూనమైనా ఒకరు పొంగిపోతారు, ఇంకొకరు కుంగిపోతారు.

మరి కష్టాన్ని కొలిచేదెలా? స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ దీనికో కొలమానం తయారుచేశారు. అందులో అంకెలు 6 నుంచి 20 వరకు ఉంటాయి. 13 అంటే కాస్త కష్టం, 17 అంటే చాలా కష్టం. ఆ అంకెను పదితో హెచ్చిస్తే ఆరోగ్యవంతుల గుండె వేగానికి ఇంచుమించు సరిపోతుంది. అయితే కష్టం తెలిసేది గుండె ఒక్కదాని వల్లే కాదు. 2009లో పరిశోధకుడు సామ్యుయేలే మార్కోరా బృందం కొందరిచేత గంటన్నరసేపు మెదడుకు పనిపెట్టి, ఆ తర్వాత సైకిల్ తొక్కించింది. గుండె వేగంలో పెద్దగా తేడా లేకపోయినా వాళ్లకు శ్రమ ఎక్కువనిపించింది, మామూలుకన్నా ముందే ఆపేశారు. మెదడు అలసిపోయి పరుగుకు దిగినవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

పరుగు అయ్యాక ఇచ్చుకునే తీర్పులో జ్ఞాపకం కూడా వేలుపెడుతుంది. 1993లో మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ బృందం చేసిన ప్రయోగంలో అందరూ 14 డిగ్రీల చన్నీళ్లలో నిమిషంసేపు చెయ్యి పెట్టారు. ఇంకోసారి అదే నిమిషానికి మరో అరనిమిషం కలిపి, నీళ్లను మెల్లగా 15 డిగ్రీలకు తెచ్చారు. మళ్లీ చెయ్యాల్సివస్తే ఏది కావాలని అడిగితే ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు. బాధ ఎంతసేపు పడ్డామన్నది మనసు పెద్దగా లెక్కలోకి తీసుకోదు. బాధ బాగా ముదిరిన ఘట్టమూ, చివరి ఘట్టమూ గుర్తుంటాయి. అందుకే ఆఖరి రెండు కిలోమీటర్లు కుంటుతూ నడిస్తే, అంతకుముందు పది గంటలు చక్కగా పరుగెత్తిన సంగతి మరుగున పడిపోతుంది.

పైగా మనం పెట్టుకున్న గీతలు కూడా శాశ్వతమేమీ కావు. 1921లో బిల్ రోవన్ 8 గంటల 59 నిమిషాల్లో పరుగు ముగించి మొదటి విజేత అయ్యారు. ఇప్పుడు పురుషుల విజేతలకు ఐదున్నర గంటలు కూడా పట్టడం లేదు. తొమ్మిది గంటల్లోపు వచ్చేవాళ్లకు ఇచ్చే పతకానికి రోవన్ పేరు పెట్టారు. ఒకనాటి గెలుపు నేడు నడిమి మెట్టు.

కాబట్టి పరుగు ముగిశాక జ్ఞాపకాన్ని అడిగేకన్నా, దారిలోనే సాక్ష్యం పోగుచేసుకోవడం మేలు. నీళ్లకు ఆగిన ప్రతిచోటా బోర్గ్ అంకె ఎంతో, ఎండ ఎలా ఉందో, ఎక్కుతున్నామో దిగుతున్నామో ఫోనులో ఒక ముక్క చెప్పి ఉంచుకుంటే చాలు. చివరి గంటల్లో 17, 18 కనిపిస్తే, పతకం రాకపోయినా ఆ రోజు ఇవ్వగలిగినదంతా ఇచ్చినట్టే. 12 దగ్గరే ఆగిపోయి ఉంటే, మెడలో పతకం ఉన్నా ఇంకా సత్తువ మిగిలే ఉందన్నమాట.