యంత్రం చెడిపోలేదు, కంప్యూటరుకు కనిపించడం లేదు

సభ్య సంఘాల కార్యదర్శులకు ఒక మనవి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున, కొన్ని సంఘాలవారు పాల సేకరణ కేంద్రంలోని కంప్యూటరులో విండోస్ 11 వేయించుకొంటున్నారు. ఆ మరునాటి నుండి పాల పరీక్షా యంత్రం అంకెలు కంప్యూటరులోకి రావడం లేదని మాకు కబురు చేస్తున్నారు.

ఇటీవల ఒక సంఘం తనిఖీకి వెళ్ళినపుడు, పదకొండు పూటల వెన్న శాతాన్ని కార్యదర్శిగారు చేతితో ఎక్కించి ఉండడం గమనించాము. అంకెలలో తప్పు లేదు. అయినా 6.4 వచ్చిన పాలకు 6.1 వేశారేమోనని సభ్యులలో అనుమానం పుట్టనే పుట్టింది. పైగా కొత్త యంత్రం కొనుటకు పాలకవర్గం తీర్మానం సిద్ధం చేసుకొన్నది. ఉన్న యంత్రమా, నిక్షేపంగా ఉన్నది. దాని సొంత తెరపై వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. చక్కగా చూపుతున్నది.

చిక్కు ఎక్కడనగా, యంత్రానికీ కంప్యూటరుకూ నడుమ ఉన్న యు.ఎస్.బి. కన్వర్టరు వైరులో. ఆ వైరులోని చిప్పును కంప్యూటరు గుర్తించుటకు డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాము కావలెను. విండోస్ కొత్తగా వేసినపుడు పాత డ్రైవరు తుడిచిపెట్టుకు పోవచ్చు.

స్టార్ట్ బొత్తాముపై మౌసు కుడి మీట నొక్కి, డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు త్రికోణం ఉన్న పేరుపై రెండుసార్లు నొక్కితే కోడ్ సంఖ్య కనిపిస్తుంది. 28 అయితే డ్రైవరు లేదని అర్థం. డీటెయిల్స్ పుటలో హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. వీఐడీ 067బి అని ఉంటే ప్రొలిఫిక్ చిప్పు, 1ఏ86 అయితే సీహెచ్340 రకం, 0403 అయితే ఎఫ్.టి.డి.ఐ. ఆ చిప్పు చేసినవారి డ్రైవరునే వేయించాలి. వైరు పీకి పెట్టినా జాబితాలో ఏ మార్పూ లేకపోతే మొదట వైరును, యు.ఎస్.బి. రంధ్రాన్ని అనుమానించండి.

మేము చూసిన సంఘంలో పేరు స్థానంలోనే "పీఎల్2303హెచ్ఎక్స్ఏ, 2012 నుండి నిలిపివేయబడినది" అన్న అర్థం వచ్చే ఆంగ్ల వాక్యం ఉన్నది. పాత చిప్పును కొత్త డ్రైవరు అంగీకరించదు. పాత డ్రైవరు వేస్తే కొన్నిచోట్ల నడుస్తుంది గాని, విండోస్ మళ్ళీ కొత్తది తెచ్చిపెట్టవచ్చు. వైరు మార్చుటే మేలు. వైరు వందలలో వస్తుంది, తీర్మానం వేలమీద ఉన్నది!

వైరు మార్చినా అంకెలు రాలేదు. చూడగా, మునుపు కామ్ 3గా ఉన్న పోర్టు ఇప్పుడు కామ్ 5 అయినది. సేకరణ ప్రోగ్రాము ఇంకా 3వ పోర్టు దగ్గరే ఎదురుచూస్తున్నది. సెట్టింగులలో సంఖ్య మార్చగానే ఆ సాయంత్రం పాలకు చీటీలు వచ్చాయి.

మరమ్మతు ముగిసేవరకు చేతితో వ్రాసే ప్రతి పూటా ఇద్దరు సభ్యుల సంతకాలు తీసుకొనండి. అనుమానం చెప్పినవారి పాలను వారి ఎదుటనే గెర్బర్ గొట్టంలో పరీక్షించండి. విండోస్ వేయించబోయే సంఘాలవారు ముందుగానే పోర్టు సంఖ్య, బాడ్ రేటు రిజిస్టరులో వ్రాసుకొని, సభ్యుల లెక్కల నకలు వేరే పెన్‌డ్రైవులో తీసుకొన్న తరువాతనే మెకానిక్కును కంప్యూటరు ముట్టనివ్వండి.