ప్రతినాయకుఁడు కథకుఁడగుట

చలనచిత్రకథను సాహిత్యచరిత్రలోఁ జేర్పవచ్చునా యను శంక పండితులకుఁ గలదు. రచయిత పూర్వమే కవియైనచో నా శంక కొంత సడలును. అమెరికాదేశపు పశ్చిమప్రాంతమందలి గుఱ్ఱపురౌతుల కథను, తుపాకుల పోరును దెలుఁగునకుఁ దెచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971) చిత్రమునకు రచన చేసినవాఁడు ఆరుద్ర. తెలంగాణమున రజాకారుల దురాగతములు హేతువుగా ‘త్వమేవాహమ్’ (1949) వ్రాసి, పిమ్మట ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంతరించిన యాతని నెవ్వరు నాక్షేపింపరు.

తెరపైఁ గత్తి పట్టినవాఁడో, గుఱ్ఱముపైనుండి దూఁకినవాఁడో కథ వ్రాసినచో మాత్రము మనము చప్పున నంగీకరింపము. ‘స్టేజ్‌కోచ్’ (1939) చిత్రమునఁ బరువెత్తు గుఱ్ఱముల నడుమఁ బడి బండిక్రిందుగా జాఱిపోయినవాఁడు యాకిమా కనుట్. మూలకథ వ్రాసినవాఁడు ఎర్నెస్ట్ హేకాక్స్. దేహసాహస మొకరిది, కథ వేఱొకరిది. ఈ హద్దు మన నల్లగొండసీమవాఁ డొకఁడు దాఁటెను.

తుంగతుర్తిలో (ఇపుడు సూర్యాపేట జిల్లా) 1935లో జన్మించిన డాక్టరు ఎం. ప్రభాకర రెడ్డి వైద్యవిద్య నభ్యసించి, ‘చివరకు మిగిలేది’ (1960) చిత్రముతో నటుఁడయ్యెను. ఆతనికి లభించిన పాత్రలలోఁ బెక్కులు దుష్టపాత్రలు. అట్టివాఁడు వ్రాసిన కథలు తుపాకికథలని తలంతుము. కావు. ‘పండంటి కాపురం’ (1972) అన్నదమ్ముల యుమ్మడిసంసారపుఁ గథ. ఆ సంవత్సరపుఁ దెలుఁగు చిత్రములలో నుత్తమమని జాతీయపురస్కార మందినది. ‘కార్తీక దీపం’ (1979) ఒక పురుషుని, ఇరువురు స్త్రీలను బెనవేసిన గృహకథ. కవి తుపాకికథ వ్రాయఁగాఁ, బ్రతినాయకుఁడు కాపురపుఁ గథ వ్రాసెను!

ఇందు వింత యేమియు లేదని నా తలంపు. శత్రువుయొక్క వంశవీర్యాదులను ముందు వర్ణించి, వానిని గెలిచిన నాయకుని కీర్తించుట మనోహరమని దండి కావ్యాదర్శమునఁ జెప్పెను. చెఱచువాని బల మెఱిఁగినవానికే యిల్లు నిలుచుట యెంత కష్టమో తెలియును. ఏండ్లతరబడి యితరుల కాపురములఁ గూల్చు పాత్రలు ధరించినవాఁడు ఆ కూల్పు ఏ మాటతో మొదలగునో యెఱుఁగును. ప్రభాకర రెడ్డి కథలందు బిగువు సంధి కుదురుచోటఁ గాక, చీలిక వచ్చుచోటనే కానవచ్చుట కిదియే కారణము కావచ్చును. కొన్నియెడలఁ గన్నీరు మితిమీఱుననుటయు నిజమే.

ఆతఁడు 1997లో గతించెను. తాళపత్రముల కొఱకు ఊరూరఁ దిరుగు మనవారు ఇట్టి చిత్రకథాప్రతులనుగూడ సేకరింపవలయును. చిత్రసంస్థ మూఁతవడినప్పుడు మొదటఁ బాఁతకాగితములవాని తక్కెడ కెక్కునవి యవియే.