పెరటి తులసి: పెంపకము, కోత

మన బిజినేపల్లి ప్రాంతమున పెక్కిండ్ల ముంగిట తులసికోట యున్నది. కాని కోటలోని యొక్క మొక్క పూజకును, జలుబు చేసినప్పుడు కషాయమునకును సరిపోవునే గాని, అంతకు మించి యాకు నొసగజాలదు. పెరటిలో చిన్నమడి కట్టినచో ఇంటి యవసరము తీరి, మిగిలిన యాకు నెండించి యమ్ముకొనవచ్చును. ఇందు శ్రమ స్వల్పమే. కాని నారుమడియందును, ఆరబెట్టుటయందును ఏమరినచో ఫలము దక్కదు.

నేల: నీరు నిలువని యెర్రచెలక తులసి కనువైనది. రేగడిలో నెత్తుమళ్లు కట్టవలెను. లక్ష్మీతులసిని, కృష్ణతులసిని విత్తనమునకై పక్కపక్కన పెంచరాదు. తేనెటీగలవలన పుప్పొడి కలిసి విత్తనము కల్తీయగును.

నారు: గింజ ఆవగింజకన్న చిన్నది, లోతున పడినచో మొలవదు. కావున సన్నయిసుకతో కలిపి చల్లి, చివికిన పెంటయెరువును పైన పలుచగా కప్పవలెను. నీరు ధారగా పోయక చిలుకరింపవలెను. 8 మొదలు 12 దినములలో మొలకెత్తును. తడి యధికమైన నారు మొదలుకుళ్లి పడిపోవును. మేనెల చివర నారు పోసి, ఆరు వారములకు, నాలుగైదాకులు వచ్చినపిమ్మట, సాయంకాలమున 16 అంగుళముల యెడముగా నాటవలెను. అప్పటికి వానలు కుదురుకొనును.

పురుగు: తులసియాకును నేరుగా తినెదము గావున విషపు మందులు చల్లరాదు. రసము పీల్చు పురుగులు కనబడినచో వేపగింజల కషాయము చల్లవలెను.

కోత: నాటిన 90 దినములకు మొదటి కోత వచ్చును, పిదప 65 మొదలు 75 దినముల కొకసారి కోయవచ్చును. నేలకు 6 మొదలు 8 అంగుళముల మోడు విడిచి కోయవలెను. మోడుననే క్రొత్త చిగుళ్లు పుట్టును. మొదలంట కోసినచో మరుకోత యుండదు. మంచు, వాన తడి యారినపిమ్మటనే కొడవలి పట్టవలెను.

ఆరబెట్టుట: ఎండలో పరచిన యాకు రంగు చెడి, సువాసన నిచ్చు తైలము హరించిపోవును. గాలియాడు నీడలో పలుచగా పరచి, దినమున కొకటిరెండు మారులు త్రిప్పవలెను. పిడికిట నలిపినచో పొడి కావలెను; మెత్తగా వంగినచో నింకను తడి యున్నదని యెరుగుడు. పలువురి సరకు నొక్కటిగా చేర్చి యమ్మునప్పుడు ఒక్కరి తడిసంచి బూజుపట్టి తక్కినవారి సరకును చెరచును. ధర యందరికిని తగ్గును. కావున తూకమునకై తడి నుంచుట తన సంఘమునకు తానే నష్టము చేయుట.

మొదట నొక్క మడితో నారంభించి, కొనువారిని నిశ్చయించుకొనిన పిమ్మటనే విస్తరింపవలెను. సందేహములున్నవారు సమీపమందలి పాలెము వ్యవసాయ పరిశోధనా స్థానమున విచారింపవచ్చును.