పైత్యరస ఆమ్లాలు – ఔషధ రూపకల్పన: ద్రావణీయత, స్థిరత్వం

1. ఉపోద్ఘాతం:
కాలేయం కొలెస్టరాల్ నుండి పైత్యరస ఆమ్లాలను తయారుచేస్తుంది. ఆహారంలోని కొవ్వును సన్నని బిందువులుగా విడగొట్టడం వీటి పని. వీటిలో అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం ఔషధంగా ప్రసిద్ధమైనది. ఎలుగుబంటి పైత్యరసంలో అధికంగా లభించడంచేత, ఆ జంతువు లాటిన్ నామం మీదుగా దీనికి ఈ పేరు ఏర్పడింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1987లో పిత్తాశయపు రాళ్ళ చికిత్సకు దీనిని ఆమోదించింది. మాత్ర మింగగల పెద్దలకు ఇబ్బంది లేదు. పైత్యరసం సరిగా ప్రవహించని పసిబిడ్డకు మాత్రం ద్రవరూపమే శరణ్యం. ఆ ద్రవరూపాన్ని సాధించడంలోని చిక్కులను, పరిష్కారాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సమస్య స్వరూపం:
కొవ్వును నీటిలో కలిపే వర్గానికి చెందిన పదార్థమే నీటిలో కరగకపోవడం ఇక్కడి వైచిత్రి. ఈ ఆమ్లపు అణువులో అధికభాగం నీటికి విముఖమైన స్టెరాయిడ్ చట్రం. దాని చివరనున్న కార్బాక్సిల్ సమూహం క్షార మాధ్యమంలో అయనీకరణం చెందినప్పుడే అణువు నీటిలో నిలుస్తుంది. ఆమ్ల మాధ్యమంలో అయాన్ తిరిగి ఆమ్లంగా మారి అవక్షేపిస్తుంది. ఒక మాత్రలోని 300 మి.గ్రా. ఆమ్లాన్ని మామూలు నీటిలో పూర్తిగా కరిగించాలంటే పది లీటర్లకు మించిన నీరు కావాలి.

3. పరిష్కార మార్గాలు:
3.1. లవణరూపం: సోడియం లవణంగా మార్చితే ద్రావణీయత పెరుగుతుంది. అయితే జఠరరసంలోని ఆమ్లం తగలగానే మళ్ళీ అవక్షేపం ఏర్పడుతుంది.

3.2. టారిన్‌తో సంయోజనం: టారిన్‌లోని సల్ఫోనిక్ సమూహం తీవ్ర ఆమ్ల మాధ్యమంలోనూ అయాన్‌గానే ఉంటుంది. కాలేయం సహజంగా అనుసరించే పద్ధతి కూడా ఇదే.

3.3. సైక్లోడెక్స్ట్రిన్: బీటా రకంలో ఏడు గ్లూకోజ్ అణువులు వలయంగా కూడి ఉంటాయి. లోపలి కుహరం స్టెరాయిడ్ చట్రాన్ని ఇముడ్చుకోగా, వెలుపలి తలం నీటితో కలుస్తుంది.

3.4. పిండిపదార్థ ఉత్పన్నాలు: మాల్టోడెక్స్ట్రిన్ వంటివాటిని తగు పాళ్ళలో చేర్చి, ఆమ్ల, క్షార మాధ్యమాలు రెంటిలోనూ తేటగా నిలిచే ద్రావణాలను రూపొందించే ప్రయత్నాలు జరిగాయి.

4. ముగింపు:
కరగని ఔషధాన్ని అవలంబనంగా ఇవ్వడం వాడుకలో ఉన్న మార్గమే. కానీ సీసాను బాగా కుదపకపోతే మందు అడుగున పేరుకొని, తొలి చెంచాలో తక్కువగా, చివరి చెంచాలో ఎక్కువగా వస్తుంది. శరీరపు బరువును బట్టి మోతాదు నిర్ణయించే పసిబిడ్డ విషయంలో ఈ తేడా చిన్నది కాదు. కనుక ద్రావణీయత, స్థిరత్వం కేవలం రసాయనశాస్త్ర ప్రశ్నలు కావు; ప్రతి చెంచాలోనూ సరైన మోతాదు అందుతుందా అన్నది వాటిపైనే ఆధారపడి ఉంది.