స్నానానికి చీర, ఈతకు దుస్తు

జగిత్యాల, కోరుట్లల నుండి ధర్మపురికి వెళ్ళి గోదావరిలో మునిగే స్త్రీలలో పెక్కుమంది కట్టిన చీరతోనే నీట దిగుతారు. సిరిసిల్ల మరమగ్గం నేసినా, మరెక్కడ నేసినా, చీరకు ఒంటి కొలతలతో నిమిత్తం లేదు. సన్నని మేనైనా, నిండు విగ్రహమైనా కుచ్చెళ్ళు సర్దుకుంటే చాలును. కాని తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటుంది. అది మునకకు అనువైనదే, ఈతకు కాదు. ఈత రాని ఆడపిల్లకు మోకాటి లోతు దాటితే చెరువు పరాయిదే.

పందొమ్మిదవ శతాబ్దిలో పాశ్చాత్య స్త్రీలు సైతం బరువైన ఉన్ని గౌనులతోనే సముద్రస్నానం చేసేవారు. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలో ఆస్ట్రేలియా ఈతగత్తె ఆనెట్ కెల్లర్‌మన్ ఒంటిని అంటిపెట్టుకొన్న దుస్తు ధరించి ఈదింది. 1912లో స్టాక్‌హోం ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు తొలిసారిగా ఈతపోటీలు జరిగాయి. అంతవరకు దుస్తు దేహానికి ఊడిగం చేసింది.

పిమ్మట వరుస మారింది. 1946లో పారిస్‌లో లూయీ రేయార్ బికినీని ప్రదర్శించాడు. 1958లో అమెరికాలో లైక్రా అనే సాగే పోగును కనిపెట్టారు. ఆ పోగు కలిసిన బట్ట మేని ప్రతి వంపునూ పట్టి చూపుతుంది. చీర మేనికి తగినట్లు ఒదిగేది. ఈ దుస్తుకు తగినట్లు మేనే ఒదగవలసి వచ్చింది. ఒక తరానికి నిండు రూపం, మరొక తరానికి బక్కపలుచని రూపం, నేడు కండ తేలిన రూపం!

2004లో ఆస్ట్రేలియాలో ఆహెదా జానెట్టి తల నుండి చీలమండ దాకా కప్పే ఈతదుస్తును రూపొందించింది. 2016లో ఫ్రాన్సులోని కొన్ని తీరపట్టణాలు దానిని నిషేధించాయి. కెల్లర్‌మన్ కాలంలో స్త్రీ ఒళ్ళు కప్పుకొనలేదని అభ్యంతరం, ఈసారి కప్పుకొన్నదని.